మోరీ పెద్దగ చేసే ముందు తంగేడుకు ఇంత జాగ ఇడవండి

పాలమూరు, నల్లగొండ, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, నారాయణపేట.. మన దిక్కు పట్టణాలల్ల రోడ్లు, మోరీలు, మొక్కలు చూసుకునే ఇంజనీర్ సార్లకు, మేడంలకు, వార్డులు చూసే అన్నలకు, అక్కలకు, కాలనీ కమిటీల పెద్దమనుషులకు నమస్కారం.

నేను పాలమూరుల ఉంటా. సర్కారు హైస్కూల్ల బయాలజీ చెప్తా. మా నాయిన మా ఊరి చెరువుకు నీరటి. తూము ఎప్పుడు తియ్యాలె, ఏ మడికి ఎంతసేపు నీళ్లు పోవాలె, మత్తడి దుంకితే రాత్రి ఎవరెవరిని లేపాలె, అంతా ఆయన చేతుల్నే ఉండేది. కట్ట మీద గడ్డిని ఎవరైనా పారతో చెక్కుతుంటే ఎంత దూరంనుంచైనా కేకలేసుకుంట ఉరికేటోడు, గడ్డి ఊడితే కట్ట ఊడినట్టే అని. అదే కట్ట మీద రావి మొలకో మర్రి మొలకో కనపడితే మాత్రం ఏలెడంత ఉన్నప్పుడే పీకేసేటోడు, పెద్దగైతే ఏర్లు కట్టల బొర్రలు చేస్తయని. ఏ మొక్క ఏడ ఉండాలె, ఏడ ఉండొద్దు అనేది ఆయనకు చదువుకుంటే వచ్చింది కాదు, ముప్పై వానకాలాలు ఆ కట్ట మీద తిరిగితే వచ్చింది. ఈ లేఖ రాసేటప్పుడు నాకు పదే పదే ఆయనే యాదికొస్తున్నడు.

విషయం ఏందంటే మా గల్లీల మోరీని పెద్దగ చేస్తమని కొలతలు తీసుకపోయిండ్రు. సంతోషమే. కానీ ఆ పని మొదలుపెట్టే ముందు ఒక్కసారి నా మాట ఇనండి అని అడుగుతున్న, మా గల్లీకే కాదు, మన అన్ని ఊర్లకూ ఇదే కథ కాబట్టి అందరికీ కలిపి రాస్తున్న.

కొన్నేండ్ల కింద వానకాలంల ఒక రాత్రి పదిన్నరకు వాన అందుకున్నది. గంటన్నర కొట్టింది. పదకొండున్నరకు కరెంటు పోయింది, ఆ చీకట్ల బాత్‌రూం దిక్కు నుంచి బుడబుడ బుడబుడ సప్పుడు.. ఫోన్ లైట్ ఏసి చూస్తే జాలీల నుంచి నీళ్లు మీదికి పొంగుతున్నయి. మోరీ నిండి ఎనుకకు తన్నింది. పది నిమిషాలల్ల వంటింట్ల పాదం మునిగింది, ఇంకో పది నిమిషాలకు పిక్కల దాకా. ఆ నీళ్ల రంగు ఏందో, వాసన ఏందో మీకు చెప్పాల్సిన పని లేదు. పక్కింట్ల అవ్వ ఒక్కతే ఉంటది, పోయి చూస్తే మంచం మీద బియ్యం సంచి ఒళ్లె పెట్టుకోని కూసున్నది. "బిడ్డా నన్ను కాదు, ముందు సంచిని పట్టు" అన్నది. ఆ సంచిని మా మిద్దె మెట్ల మీదికి ఎక్కించి అవ్వను తీసుకొచ్చిన. తెల్లారినంక గల్లీ గల్లీ అంతా బయట పరుపులు ఆరేసుకున్నరు.

అదే గల్లీల మార్చి వచ్చేసరికి బోర్లు గాలి కొడుతున్నయి. ట్యాంకర్ వస్తే ముందు మా డ్రమ్ము నింపాలె అంటే మా డ్రమ్ము నింపాలె అని ఆడోళ్లు కొట్లాడుకుంటరు. ఆగస్టుల ఇంట్లకొచ్చిన నీళ్లే మార్చిల లేనియి. ఈ రెండు కష్టాలు వేరు వేరు అని మనం అనుకుంటున్నం, ఒకదానికి మోరీల బడ్జెట్ ఇంకోదానికి ట్యాంకర్ల బడ్జెట్ పెట్టుకుంటున్నం.

నేను పిల్లలతోని స్కూల్ మిద్దె మీద ఒక సీదా గోడలున్న ప్లాస్టిక్ డబ్బా పెట్టించి వాన కొలిపిస్త. స్కేల్ పెట్టి చూస్తే ఎన్ని మిల్లీమీటర్లో తెలుస్తది. ఒక మిల్లీమీటర్ వాన ఒక చదరపు మీటర్ మీద పడితే ఒక లీటర్, లెక్క అంతే, ఏడో తరగతి పిల్లలు కూడా చేస్తరు. ఇగ మా గల్లీ లెక్క చూడండి. వంద మీటర్ల పొడుగు, ముప్పై ఫీట్ల వెడల్పు, అంతా సీసీ. యాభై మిల్లీమీటర్ల వాన పడితే ఒక్క రోడ్డు మీదనే 45 వేల లీటర్లు దాటుతది. 5 వేల లీటర్ల ట్యాంకర్లు తొమ్మిది. రెండు దిక్కులా కలిపి 30 ఇండ్లు, ఒక్కోటి 200 గజాలు. మిద్దె, వాకిలి, అంతా టైల్సే, గ్రానైటే. ఒక్క ప్లాటు మీద 8 వేల లీటర్ల పైన పడతది, 30 ఇండ్లకు రెండున్నర లక్షల లీటర్లు, అంటే ఇంకో యాభై ట్యాంకర్లు. ఒక్క గల్లీల, ఒక్క వానకు, దగ్గర దగ్గర అరవై ట్యాంకర్ల నీళ్లు అర ఫీటు మట్టిని కూడా ముట్టకుండ ఒక్క మోరీల పడుతున్నయి. కిందున్న గల్లీ నీళ్లు, దాని కిందున్న గల్లీ నీళ్లు, అన్నీ ఒకటేసారి ఒకటే నాలాకు పోతయి. మోరీ రెండు ఫీట్లది మూడు ఫీట్లు చేస్తే మా ఇంట్లకెళ్లి నీళ్లు తొందరగ పోతయేమో, కానీ అవి పోయి ఇంకొకరి వంటింట్ల తేలుతయి గదా. పెద్ద చెరువు కిందున్న కాలనీలోళ్లు, రామయ్యబౌలి దిక్కోళ్లు మొగులు నల్లగైతే ఎంత భయపడుతరో పాలమూరోళ్లకు తెలుసు. 2022 జులైల మాచన్‌పల్లి దగ్గర రైల్వే అండర్ బ్రిడ్జి కింద నీళ్లల్ల స్కూల్ బస్సు ఇరుక్కపోతే ఊరోళ్లు ఉరికొచ్చి పిల్లలను బయటికి తీసిండ్రు. పిల్లలకు పాఠాలు చెప్పేదాన్ని, ఆ వీడియో నేను పూర్తిగ చూడలేకపోయిన.

మా కాలనీ ఇరవై ఏండ్ల కింద ఎర్ర చెల్క. జొన్న, ఆముదం ఏసేటోళ్లు. నడిమిట్ల ఒక చిన్న ఒర్రె ఉండేది, గట్ల మీద తంగేడు, వాయిలి, ఈత, ఆడాడ రేగు పొదలు. ఇదే వాన అప్పుడు కూడా పడ్డది గదా, అయినా ఒర్రె పక్క పొలాలు మునిగినయని ఎవరూ చెప్పరు. అప్పుడు నీళ్లు పోవడానికి మోరీ లేదు, ఆగడానికి మాత్రం మస్తు జాగలు ఉండె.

మన ఎర్ర చెల్కకు ఒక గుణం ఉన్నది, ఇది ఇంజనీర్లు తప్పక మనసుల పెట్టుకోవాలె. బరి నేల మీద చినుకు గట్టిగ తాకితే పై మట్టి మెత్తగై పేరుకపోయి పొర కడతది, ఎండినంక పెంకు లెక్క అయితది. ఆ పెంకు మీద పడ్డ తర్వాతి వాన లోపలికి దిగకుండ జారిపోతది. అంటే సీసీ వెయ్యకుండ ఊకె ఖాళీగ ఇడిసిపెట్టిన మన ఓపెన్ ప్లాట్లు, పార్కుల జాగలు కూడా అంత గొప్పగ నీళ్లు తాగుతలేవు. మట్టి ఉంటే సాలదు, మట్టి మీద మొక్క ఉండాలె. ఆకు చినుకు దెబ్బను తన మీద తీసుకుంటది, రాలిన ఆకు నేలకు దుప్పటి లెక్క ఉంటది, గడ్డి కాడలు నీళ్ల ఉరుకును ఆపుతయి, ఉరుకు తగ్గితే నీళ్లల్ల ఉన్న మన్ను ఆన్నే కూసుంటది. ఇగ ఏర్లు. ఏరు బతికున్నప్పుడు మట్టిని విడగొడ్తది, సచ్చినంక కుళ్లి సన్నని గొట్టం లెక్క సందు ఇడిసిపోతది, ఆ సందులకెళ్లే నీళ్లు మొరం దాకా దిగుతయి. మన కింద ఉన్నది గట్టి రాయి, దాని మీద ఆ మొరం పొరల నిలిచిన నీళ్లే మన బోర్లకు ఊట. ఫ్లోరైడ్ ఉన్న మన నల్లగొండ దిక్కు ఊర్లల్ల కూడా వాన నీళ్లు భూమిలకు ఎంత దిగితే నీళ్లల్ల ఫ్లోరైడ్ గాఢత అంత పలచబడతది.

మొక్క ఏదైతే ఏంది, పచ్చగుంటే సాలు గదా అని ఒక సార్ నాతోని అన్నరు. లేదు సార్. మన దగ్గర ఏడాదికి ఆరేడు వందల మిల్లీమీటర్ల వాన, అదీ ఎక్కువ శాతం జూన్ నుంచి సెప్టెంబర్ నడుమనే. నాలుగు నెలలు తడి, ఎనిమిది నెలలు ఎండుడు. మొక్క రెండు దినాలు నీళ్లల్ల నిలవడాలె, రెండు నెలలు సుక్క నీళ్లు లేకుండ కూడా బతకాలె. లాన్ గడ్డి తెచ్చి పరుస్తే దానికి పొద్దున పొద్దున ట్యాంకర్‌తో నీళ్లు పెట్టాలె, దాని ఏర్లు జానెడు కూడా పోవు. డివైడర్ల మీద కోనోకార్పస్ పెట్టిండ్రు, తొందరగ పెరుగుతది నిజమే, కానీ అది మన నేలది కాదు, పైపులల్లకు ఏర్లు చొరబడతయని, పుప్పొడితో దగ్గు, అలర్జీ వస్తున్నయని గుజరాత్ సర్కారు 2023ల దాన్ని నాటొద్దని ఆపింది. సర్కారు తుమ్మ కథ మనకు తెలువంది కాదు, అమెరికా ఖండం నుంచి వచ్చి మన చెరువు శిఖాలన్నీ ఆక్రమించింది. గుర్రపు డెక్క కూడా అట్ల బయటినుంచి వచ్చిందే, పువ్వు బాగుందని తెచ్చుకున్నరు, ఇయ్యాల చెరువులల్ల నీళ్లు కనపడకుండ కప్పేస్తున్నది.

మనదేమో తంగేడు. 2014ల రాష్ట్ర పువ్వుగ పెట్టుకున్నం. ఎవరు నీళ్లు పోశిండ్రని గుట్టల మీద, రోడ్డు పక్కన అంత పచ్చగ ఉంటది? ఏరు లోతుకు పోతది, పశువులు పెద్దగ ముట్టవు, కొమ్మ ఇరిస్తే మళ్ల చిగురేస్తది. మా స్కూల్ గోడకు నాలుగు తంగేడు పొదలున్నయి, వాన పడ్డంక వాటి ఆకుల మీద పచ్చని గొంగళి పురుగులు వస్తయి, ముందు పిల్లలు భయపడేటోళ్లు, ఇప్పుడు వాటికి కాపలా కాస్తున్నరు, ఎందుకంటే అవే పదిహేను ఇరవై దినాలల్ల లేత పసుపు సీతాకోకచిలుకలై ఎగురుతయని చూసిండ్రు.

వాయిలి ఇంకా మొండిది, ఒర్రె ఒడ్డునే పుట్టింది, దాని ఆకు చేదుకు మేక కూడా వాసన చూసి పోతది. వట్టివేరు సంగతి వేరే చెప్పాలె. ఎండకాలం కూలర్లకు వట్టివేళ్ల తడికెలు కడతం గదా, ఆ గడ్డే. మంచి నేల దొరికితే దాని ఏరు మూడు నాలుగు మీటర్లు నిలువుగ కిందికి దిగుతది, పక్కలకు పాకి పక్కోని పొలంలకు పోదు. కర్ణాటకల గుండ్లుపేట దిక్కు రైతులు తాతల కాలం నుంచి పొలం గట్లకు దాన్ని హద్దు లెక్క పెట్టుకున్నరు, 1980లల్ల ప్రపంచ బ్యాంకు వ్యవసాయ నిపుణులు అది చూసి మన్ను కొట్టుకపోకుండ ఇంతకన్న అగ్గువ పద్ధతి లేదని వేరే దేశాలకు చెప్పిండ్రు. అట్లాంటి గడ్డి మన దగ్గరుండగ మనం మోరీ పక్కకు పేవర్ బ్లాకులు పరుస్తున్నం.

ఇదంతా పుస్తకం చూసి చెప్తున్నరు అనొద్దు. ఆ రాత్రి తర్వాత నేను మా ఇంటి కాంపౌండ్ మూలకు, పునాదికి పది ఫీట్లకు పైన దూరం చూసుకోని, పది ఫీట్ల పొడుగు ఆరు ఫీట్ల వెడల్పుల టైల్స్ తీపిచ్చిన. మా ఇంట్లోళ్లు వద్దన్నరు. గడ్డపార పట్టుకోని మేస్త్రీ ఒకాయన ఫీటు తవ్వంగనే టంగ్ మన్నది, మొరం తాకింది. ముందు ఒక చిన్న గుంత తవ్వి నీళ్లు నింపిన, అవి ఇంకినంక మళ్ల నింపి తెల్లారి చూసిన, అడుగున తడి తప్ప నీళ్లు లేవు. అంటే తాగుతది అని ధైర్యమొచ్చింది. మొత్తం ఎనిమిది ఇంచుల పల్లం తీసి, అడుగు మట్టిని గుల్ల చేసి, ఇసుక, మాగిన పశువుల పెంట కలిపిన. మిద్దె పైపును దాంట్లకు తిప్పిన, నీళ్లు పడేకాడ గులకరాళ్లు పరిచిన, లేకపోతే పైపు ధారకు మట్టి లేసిపోతది. నిండుగ నిండితే వెయ్యి లీటర్ల పైన పడతది, అదీ నింపుకుంటనే ఇంకో దిక్కు ఇంకుతది. అమెరికాల మేరీలాండ్ రాష్ట్రంల 1990లల్ల ఇండ్ల ముందట ఇట్లాంటియి చేయించి రెయిన్ గార్డెన్ అని పేరు పెట్టిండ్రు. నేను మాత్రం వాన మడి అంటున్న. వరి మడి ఎట్ల కట్టాలె, నీళ్లు ఎంత నిలపాలె, ఎక్కువైతే ఏ మూలకు గండి పెట్టాలె అనేది మనకు ఎవరూ నేర్పనవసరం లేదు.

మొదటిసారి నేను తప్పు చేసిన. ప్రేమ కొద్దీ తంగేడు మొక్కలన్నీ పల్లంల నడిమిట్ల పెట్టిన. రెండు వానలకు ఆకు పసుపైంది, మూడో వానకు ఏరు కుళ్లి వంగిపోయినయి. మా దిక్కు మేకలు కాసే ఒక కాక ఉన్నడు, గేటు కాడ నిలవడి చూసి "తంగేడు గట్టు మొక్క బిడ్డా, బొందల పెడ్తె ఎట్ల బతుకుతది, బొందల తుంగ పెట్టు" అన్నడు. ఇరవై రెండేండ్ల సంది బయాలజీ చెప్తున్న నాకు ఆ ఒక్క మాట అప్పటిదాకా తట్టలేదు. అప్పుడు అడుగుకు తుంగ, వట్టివేరు పెట్టిన, వాలుకు దర్భ, గునుగు గింజలు, గట్టు మీద తంగేడు, ఒక మూలకు వాయిలి. అంచుకు గరిక దానంతట అదే వచ్చింది. ఈసారి అన్నీ పట్టుకున్నయి. మొదటి ఎండకాలం మాత్రం వారానికి ఒకసారి వంటింట్ల బియ్యం కడిగిన నీళ్లు పోసిన, ఆ తర్వాత పోయలేదు.

దోమలు వస్తయి అని గల్లీల మస్తు మంది అన్నరు. సరైన భయమే. దోమ గుడ్డు పెట్టినంక ఎగిరే దోమ కావడానికి వారం పది దినాలు పడతది. మా మడిల నీళ్లు ఎక్కువల ఎక్కువ మరుసటి దినం మధ్యాహ్నం దాకా ఉంటయి. రెండు దినాలకు మించి నిలిస్తే మాత్రం అది చెడిపోయినట్టు, అడుగు మళ్ల గుల్ల చేసుకోవాలె. ఎప్పటికీ నీళ్లు నిలిచి ఉండేది మన మూత లేని మోరీలల్ల, దోమలు ఆడ పుడుతున్నయి.

మా ఒక్క ఇంటితో గల్లీ మునుగుడు ఆగలేదు. ఎట్ల ఆగుతది, అరవై ట్యాంకర్లల్ల నేను ఆపింది ఏ పావు ట్యాంకరో. కానీ చిన్న వానలకు మా మిద్దె నీళ్లు చాలావరకు ఇప్పుడు గేటు దాటి బయటికి పోతలేవు. నేను అడిగేది అదే పనిని మీరు రోడ్ల మీద చెయ్యమని.

కొత్త సీసీ రోడ్డు ఏసేటప్పుడు గోడ నుంచి గోడ దాకా పొయ్యకండి. ఒక పక్కనన్న మూడు నాలుగు ఫీట్ల మట్టి పట్టీ ఇడవండి, అది రోడ్డు కన్న ఆరు ఇంచులు కిందికి ఉండాలె. ఈ మాట మళ్లొకసారి చెప్తున్న, కిందికి ఉండాలె. మనోళ్లు మొక్కలు పెట్టే ప్రతి జాగను ఎత్తు చేసి చుట్టూ ఇటుక కడతరు, డివైడర్ అంటే ఫీటున్నర ఎత్తు తొట్టి. వాన పడితే తొట్టిల మట్టి రోడ్డు మీదికి కారతది, రోడ్డు మీది నీళ్లు మొక్కకు అందవు, తెల్లారి ట్యాంకర్ వచ్చి అదే మొక్కకు పైపుతో నీళ్లు పెడతది. డివైడర్‌ను పల్లం చేసి, పక్క రాళ్లకు పది ఫీట్లకు ఒక సందు పెడితే రోడ్డు నీళ్లు దాంట్లకే పోతయి. ఖర్చు పెరగదు, ఇటుక తగ్గుతది కూడా. నిండినంక మిగిలిన నీళ్లు మోరీకే పోనియ్యండి, మోరీ వద్దు అని నేను అంటలేను.

పాత రోడ్డు మీద కొత్త రోడ్డు ఏసుకుంట పోవుడు కూడా ఆపాలె. మా గల్లీల మూడుసార్లు ఏసిండ్రు, మొదటి నుంచి ఉన్న అవ్వ ఇంటి గడప ఇప్పుడు రోడ్డుకు జానెడు కిందికున్నది. పాతది తవ్వి ఏస్తే ఆ గడప గడప లెక్కనే ఉంటుండె.

నర్సరీలు చూసే సార్లకు ప్రత్యేకంగ ఒక మాట. 2019 మున్సిపల్ చట్టం ప్రకారం బడ్జెట్ల 10 శాతం పచ్చదనానికే పెట్టాలె, పైసలు ఉన్నయి. ఆ పైసలతోని ఈసారి తంగేడు, వాయిలి, కానుగ, వట్టివేరు పిలకలు పెంచండి. వాగు ఒడ్లకు, నాలా ఒడ్లకు ఎర్ర మద్ది, నేరేడు, ఇవి నీళ్ల పక్కన నిలవడి పెరిగిన చెట్లు. పొడి జాగలకు జమ్మి, వేప. గునుగుకు నర్సరీ కూడా అవసరం లేదు, గింజలు సల్లితే సాలు. మేం నర్సరీకి పోయి తంగేడు మొక్క ఉన్నదా అని అడిగితే "అది అడివిల దొరుకుతది గదా మేడం" అన్నరు. అడివిల దొరుకుతది, కానీ ఊర్లకు ఎట్ల రావాలె?

ఇంకోటి, మొక్కలు పెట్టుడు ఒక ఎత్తు, పీకకుండ చూసుడు ఒక ఎత్తు. గునుగు మోకాలెత్తు పెరిగినప్పుడు గల్లీ క్లీన్ చేసేటానికి వచ్చిన అక్క మంచి మనసుతోనే గేటు బయట నేను సల్లిన గునుగంతా పీకి కుప్ప పెట్టింది, పిచ్చి మొక్కలు అనుకోని. ఆమె తప్పు ఏం లేదు, గీకి నున్నగ చేస్తేనే పని చేసినట్టు అని ఆమెకు చెప్పిండ్రు. ఆ అక్కలకు ఒక్క పూట కూసోబెట్టి ఇది వయ్యారిభామ, దీన్ని పీకాలె, ఇది గునుగు, దీన్ని ఉంచాలె అని చూపిస్తే సాలు, మనకన్న వాళ్లకే ఎక్కువ ఎరుక, చిన్నప్పుడు చేన్లల్ల కలుపు తీసినోళ్లే చాలామంది.

చెరువుల సంగతి కూడా చెప్పాలె. మిషన్ కాకతీయ 2015ల మొదలైనప్పుడు మా నాయిన బతికున్నడు, పూడిక తీస్తున్న ట్రాక్టర్లను చూసి చిన్న పిల్లగాని లెక్క సంబురపడ్డడు. ఇప్పుడు పట్నం చెరువులను ట్యాంక్‌బండ్లు చేస్తున్నం. లైట్లు, నడిచే బాట, బెంచీలు, నేను కూడా పొద్దున ఆడ నడుస్త, మంచిగనే ఉంటది. కానీ నీళ్లొచ్చే మొఖాలకు కూడా రాళ్లు పేర్చి సిమెంటు పూస్తే ఊరి మన్ను, నూనె, ప్లాస్టిక్ అన్నీ సీదా చెరువుల పడతయి. ఆ మొఖాల కాడ జమ్ము, తుంగ ఉంటే నీళ్లు వాటి నడుమ నుంచి మెల్లగ వడకట్టుకోని వస్తయి. చూపుకు అడ్డం అని మొత్తం పీకకండి, ఏడాదికొకసారి కొంత కోసి తీస్తే సాలు. కట్ట మీద మాత్రం గడ్డే ఉండాలె, పెద్ద చెట్లు వద్దు. మా నాయిన లెక్క అది.

మురికి నీళ్లు మాత్రం ఈ మడులల్లకు రానియ్యొద్దు. మన ఊర్లల్ల వాన మోరీ, బాత్‌రూం మోరీ ఒకటే, అదే అసలు రోగం. మిద్దె నీళ్లు, రోడ్డు నీళ్లే మడికి. ఇంకా నిజం చెప్పాలంటే కుండపోత వాన ఒక్క రాత్రిల నూటయాభై మిల్లీమీటర్లు పడితే ఏ తంగేడు, ఏ వట్టివేరు దాన్ని ఆపలేదు. అప్పుడు నాలా మీద కట్టిన కట్టడాలు తీయాల్సిందే, ఒర్రెకు దారి ఇయ్యాల్సిందే. కానీ అట్లాంటి వాన ఎన్నేండ్లకు ఒకసారి పడతది? మనల్ని ఏటా ముంచేది ముప్పై, నలభై, యాభై మిల్లీమీటర్ల వానలు. వాటిని మట్టి తాగగలదు. ఇంకుడు గుంతలు తవ్వాలని 2002ల వచ్చిన వాల్టా (నీళ్లు, నేల, చెట్ల) చట్టం నుంచి చెప్తనే ఉన్నరు, పర్మిషన్ కోసం తవ్వుతరు, రెండేండ్లకు ఆ గుంత పూడికతో నిండి బండ అయితది, పైన కారు పెట్టుకుంటరు. గుంత మీద మొక్క ఉంటే ఏరు దాన్ని తొందరగ పూడనియ్యదు.

2018ల మన పిల్లలమర్రికి చెదలు పడితే కొమ్మ కొమ్మకు సెలైన్ బాటిళ్లు కట్టి మందు ఎక్కించిండ్రు. ఆ ఫొటోలు చూసి నేను ఏడ్చిన. ఒక్క మర్రిని బతికించుకునేటందుకు అంత చేసిన ఊరు మనది, తలుసుకుంటే ఇది మనకు పెద్ద పని కాదు.

బతుకమ్మకు వారం ముందు మా గల్లీ ఆడోళ్లం ఆటో మాట్లాడుకోని తంగేడు పువ్వు కోసం పోతం. మొదట్ల గల్లీ చివరనే దొరికేది. తర్వాత బైపాస్ దాకా పోయినం. ఇప్పుడు ఇంకా దూరం, ఆడ కూడా వెంచర్లు ఏసి గుట్టను చదును చేసిండ్రు, గునుగు అయితే మార్కెట్ల కట్టలు కొనుక్కుంటున్నం. పోయిన బతుకమ్మకు మా మడి గట్టు మీద తంగేడు మొదటిసారి పూసింది. ఎక్కువేం లేదు, రెండు దోసిళ్లు. బియ్యం సంచి అవ్వ వచ్చి తాంబాలం పట్టుకోని ఒక్కొక్క కొమ్మ వంచి మెల్లగ తెంపింది, మొగ్గలను ముట్టలేదు, రేపటికి ఉండనీ అన్నది. ఆటో లేకుండ, పైసలు లేకుండ, గేటు లోపలనే పువ్వు దొరికిందని సాయంత్రం వరకు కనపడ్డోళ్లందరికీ చెప్పుకుంట తిరిగింది. రోడ్డు పక్క పట్టీలల్ల, డివైడర్లల్ల, పార్కు అంచులల్ల తంగేడు, గునుగు ఉంటే వానకాలం నీళ్లు తాగుతయి, వాన అయిపోంగనే పండుగకు పూస్తయి. అంత వరుసగ కుదిరే మొక్క ఇంకోటి ఏడికెళ్లి తెస్తరు?

మా గల్లీ మోరీ పని దసరా తర్వాత మొదలైతదని చెప్పిండ్రు. అంతకు ముందు ఒక్క ఇంజనీర్ సారో మేడమో వాన పడుతున్నప్పుడు మా గల్లీకి రండి, గొడుగు నేను పడతా, నీళ్లు ఏడ నుంచి మొదలై ఏడికి పోతున్నయో మొదటి ఇంటి నుంచి చివరి ఇంటి దాకా కలిసి నడుస్తం. ఒక్క పక్క యాభై మీటర్లు మట్టి పట్టీ పెట్టి రెండు వానకాలాలు చూడండి, కొలతలు మా పిల్లలు రాసి ఇస్తరు. తంగేడు గింజలు మా ఇంట్ల రెండు డబ్బాలు ఏరి పెట్టిన, గునుగు గింజలు ఒక సంచి ఉన్నయి. వట్టివేరు పిలకలు ఇప్పుడు విడగొడితే ఒక వంద వస్తయి. ఎవరు అడిగినా ఇస్త, పైసలు వద్దు.

ఇట్లు
పాలమూరు నుంచి
ఒక బయాలజీ టీచర్, నీరటి బిడ్డ